గడ్డకట్టని తీపి



చెరకు రసమును కాచి చిక్కబరచి అచ్చులలో పోసినచో బెల్లపు దిమ్మ యగునని మీరెరుగుదురు. అదే రసమును శుద్ధిచేసి పలుకులు కట్టించినచో చక్కెర యగును. రసమునకును ఈ రెంటికిని నడుమ నొక దశ కలదు. ఆ దశయందు తీపి నీరువలె పారదు, రాతివలె గట్టిపడదు, గరిటెతో నెత్తినచో తీగవలె సాగి నెమ్మదిగా జారును. మన యిల్లాండ్రు దానిని పాకమందురు. ఇంగ్లీషువారు సిరప్పందురు. వంటయింటిలో ఆ దశ కొన్ని నిమిషములు మాత్రమే నిలుచును. దానిని నెలల తరబడి, ఏండ్ల తరబడి నిలుపుటకు లోకములోని పలు జాతులవారు పలు ఉపాయములు పన్నిరి. ఆ ఉపాయములను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఈ విషయముతో మన గ్రామములకు పని యేమి యని మీరడుగవచ్చును. పని కలదు. మన గానుగల కడ ఏది దోషమని రైతు విచారించునో, ఆ దోషమునే గుణముగా మలచుకొని లండనులో నొక కుటుంబము లోకప్రసిద్ధమైన వ్యాపారమును నిలిపినది. మన తోపులలో పెరుగు చెట్లనుండియే పొరుగు దేశములవారు తేనెవంటి పాకము తీసి గౌరవముగా నమ్ముకొనుచున్నారు. ఈ రెండు మాటలను మీకు విశదపరచుటయే నా యుద్దేశము.

మొదట మన పూర్వులను తలచుకొందము. కౌటిల్యుని అర్థశాస్త్రమున ధాన్యాగారమును కాపాడు అధికారి యేయే వస్తువులను నిలువచేయవలెనో చెప్పునప్పుడు, చెరకునుండి పుట్టు పదార్థములను వరుసగా పేర్కొనిరి. అవి ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర. ఇందు గుడము మన బెల్లము. ఖండమే కలకండలోని కండ. శర్కర యను మాట పారసీకుల నోటను, అరబ్బుల నోటను పడి, ఐరోపాకు పోయి, ఇంగ్లీషున షుగర్ అయినది. ఖండమను మాట అదే దారిని నడచి క్యాండీ యయినది. వీటన్నిటికంటె ముందు చెప్పబడిన ఫాణితము చిక్కగా కాచిన చెరకుపాకము. అనగా సిరప్పు మనకు క్రొత్త వస్తువు కాదు. మనదేశమున దానికి బెల్లముతోను చక్కెరతోను సమానమైన స్థానము ఒకప్పుడుండెను. ఇప్పటికిని మహారాష్ట్రులు కాకవి యను పేర ఇట్టి పాకమును చేసి రొట్టెలలో నంజుకొందురు.

ఇక పాకము గట్టిపడకుండుటకు గల కారణమును చూతము. ఆషాఢ శ్రావణములలో అటుకమీది బెల్లము చెమర్చి, మెత్తబడి, కుండ యడుగున కారి నిలుచుట మీరు చూచినదే. కొన్ని దిమ్మలు కారును, కొన్ని కారవు. ఒకే గానుగలో, ఒకే మనిషి వండిన బెల్లమునందే ఈ భేదము కనబడును. నరికిన చెరకును వెంటనే ఆడక కొన్ని దినములు ఎండలో పడవేసినచో ఆ బెల్లము దిమ్మకట్టుటకు మొరాయించును. ఇందుకు కారణము గ్రహచారము కాదు. రసములోని చక్కెర కొంత విరిగిపోవుటయే.

విరిగిపోవుట యనగా నేమి? చక్కెరలోని ఒక్కొక్క యణువును రెండు చిన్న చక్కెరలు జతకూడుటచే నేర్పడినది. అందొకటి ద్రాక్షశర్కర, అనగా గ్లూకోజు. రెండవది ఫలశర్కర, అనగా ఫ్రక్టోజు. పులుపుతో కలిపి వేడి తగిలించినచో ఆ జత విడిపోవును. అట్లు విడిపోవునప్పుడు ఒక నీటి యణువును గూడ తనలో కలుపుకొనును. ఫలితముగా గ్లూకోజును ఫ్రక్టోజును సమపాళ్లుగా నేర్పడును. ఈ మిశ్రమమునకు విలోమశర్కర యని పేరు. చక్కెర నీటిగుండ ఒక విధమైన వెలుగును ప్రసరింపజేసినచో ఆ వెలుగు కుడివైపునకు తిరుగును. చక్కెర విరిగిన తరువాత ఎడమవైపునకు తిరుగును. ఇట్లు తలక్రిందులగుటచేతనే శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టిరి.

పలుకులు కట్టుట గోడ కట్టుటవంటిది. ఒకే కొలతగల యిటుకలైనచో వరుస తరువాత వరుస చక్కగా లేచును. నడుమ నడుమ గుండ్రాళ్లు వచ్చి పడినచో వరుస కుదరదు. అట్లే చక్కెర పాకమున గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసినప్పుడు పలుకుల పేర్పు చెడి, పాకము పాకముగానే నిలిచిపోవును. ఫ్రక్టోజు గాలిలోని తడిని మిక్కిలిగా పీల్చుకొనును. వానకాలమున బెల్లము కారుటకు ముఖ్యకారణమిదియే. మిఠాయి చేయునప్పుడు పాకములో నిమ్మరసము నాలుగు చుక్కలు పిండు ఇల్లాలు ఈ శాస్త్రమును చదువలేదు. ఐనను ఆమె చేయునది సరిగా నిదియే. ఇక తేనెటీగను చూడుడు. అది పూవులనుండి తెచ్చిన మకరందములోని చక్కెరను తన నోటి రసముతో విరిచి, రెక్కలతో విసరి నీరార్చి, తేనెగా నిలువచేయును. లోకములో మొట్టమొదటి సిరప్పు పరిశ్రమ తేనెటీగలదే యని చెప్పవచ్చును.

బెల్లము వండు మన రైతు ఈ విరుగుడుతో నిత్యమును పోరాడుచుండును. రసము పెనములో కాగునప్పుడు అతడు సున్నపు తేట కలుపును. ఆ సున్నము రసములోని పులుపును చంపి, చక్కెర విరుగకుండ కాపాడును. మడ్డిని పైకి తేల్చును. నురుగు తీసి, మంట సవరించి, పాకమును చల్లని నీటిలో వేసి వ్రేళ్లతో నలిపి, సరియైన క్షణమున దింపును. ఉష్ణమాపకము పెట్టి చూచినచో ఆ క్షణము దరిదాపుగా 118 డిగ్రీలవద్ద వచ్చును. ఉష్ణమాపకము చెప్పవలసిన సంగతిని అతని వ్రేళ్లు చెప్పుచున్నవి. ఆ వ్రేళ్లయందున్న విద్యను మనము తక్కువగా నెంచరాదు.

మన రైతు తప్పించుకొనజూచిన ఆ విరుగుడునే కోరి పిలిచిన వారి కథను ఇప్పుడు చెప్పెదను. స్కాట్లండులో గ్రీనాక్ అను రేవుపట్టణము కలదు. అచ్చట 1820లో అబ్రాం లైల్ అను నతడు జన్మించెను. అతడు పీపాలు చేయించి, ఓడలు నడపి, పిమ్మట చక్కెర శుద్ధిచేయు వ్యాపారములో దిగెను. 1881లో లండను నగరమున థేమ్సు నదీతీరమందు ప్లెయిస్టో అనుచోట స్థలము సంపాదించి క్రొత్త శుద్ధిశాలను కట్టించెను. 1883లో అందు పని ప్రారంభమైనది. అది చక్కెర వ్యాపారులకు మంచి కాలము కాదు. ఐరోపాఖండమునుండి బీటుదుంపల చక్కెర వెల్లువగా వచ్చిపడి ధరలు క్రుంగుచుండెను. అట్టి సమయమున శుద్ధిశాలలో వృథాయైన ప్రతి బొట్టును నష్టముక్రింద లెక్క.

ముడిచక్కెరను కరగించి పలుకులు కట్టించి తీసివేసిన పిదప కొంత జిగటద్రవము మిగులును. దానిని ఎంత కాచినను ఇక సులభముగా పలుకులు కట్టదు. చార్లెస్ ఈస్టిక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తన సోదరునితో గూడి ఈ మిగులును శుద్ధిచేసి, రుచియు రంగును గల పాకముగా మార్చు విధానమును సిద్ధపరచెను. అందు ముఖ్యమైన సూత్రము ఇందాక మనము చెప్పుకొన్నదే. చక్కెరలో కొంత భాగమును ఆమ్లముతో విరిచి, విరుగని భాగముతో తగుపాళ్లలో కలుపుట. అంతయు విరిచినచో రుచి వేరగును. ఏమియు విరువనిచో గడ్డకట్టును. ఆ రెంటి నడుమనున్న కొలతను పట్టుకొనుటయే వారి విద్య. సున్నముతో మన రైతు కట్టివేసిన ద్వారమును వారు ఆమ్లముతో కొలతప్రకారము తెరచిరి.

మొదట ఆ పాకమును కొయ్యపీపాలలో నింపి శుద్ధిశాల పనివారికిని, చుట్టుప్రక్కల కాపురముండువారికిని అమ్మిరి. పనివారు దానిని ముద్దుగా గూడీ యని పిలిచెడివారు. రొట్టెమీద వెన్నకు మారుగా పూసికొనుటకు పేదలకు అది చౌకగా దొరకెడిది. మాటకు మాటగా దాని కీర్తి వ్యాపింపగా, బంగారువన్నెనుబట్టి గోల్డెన్ సిరప్పని పేరుపెట్టి, 1885 మొదలు ఆకుపచ్చయు బంగారువన్నెయుగల రేకుడబ్బాలలో నింపి అమ్మజొచ్చిరి. 1904లో ఆ డబ్బామీది చిహ్నము రిజిస్టరయినది. 1921లో లైలు వంశమువారి సంస్థయు, చక్కెర దిమ్మలకు ప్రసిద్ధికెక్కిన హెన్రీ టేటు సంస్థయు ఏకమైనవి. అప్పటికి ఆ యిద్దరు స్థాపకులును గతించి చాల కాలమైనది. బ్రతికియున్నప్పుడు వారొకరినొకరు కలిసికొననే లేదని చెప్పుదురు.

ఆ డబ్బామీది బొమ్మను గూర్చి ఒక మాట చెప్పవలెను. అందు చచ్చిపడియున్న సింహమును, దానిచుట్టు ఎగురు తేనెటీగలును ఉండును. తీపివస్తువు డబ్బామీద మృగకళేబరమేల యని తొలిసారి చూచినవారు ఆశ్చర్యపడుదురు. క్రైస్తవుల ధర్మగ్రంథమున సంసోను అను బలశాలి కథ యున్నది. అతడు చంపిన సింహపు కళేబరములో కొన్నాళ్లకు తేనెపట్టు కనబడెను. ఆ వింతను అతడు తన పెండ్లివిందులో పొడుపుకథగా వేసెను. దైవభక్తుడైన లైలు ఆ పొడుపుకథలోని మాటలను తన డబ్బామీద వేయించెను. గిన్నిసు రికార్డుల పుస్తకమువారు దీనిని ప్రపంచములోని అతి ప్రాచీనమైన బ్రాండు ప్యాకేజింగుగా గుర్తించిరి. 2024లో సీసాలమీద మాత్రము క్రొత్త సింహముఖమును వేసిరి గాని, రేకుడబ్బామీద పాత బొమ్మనే నిలిపిరి.

గోల్డెన్ సిరప్పునకు నల్లని యన్నగారొకరున్నారు. చక్కెర తీయగా తీయగా చివరకు మిగులు నల్లని మడ్డికి మొలాసిస్ అని పేరు. దాని జాతికి చెందిన నల్లపాకమును ఇంగ్లండులో ట్రీకిల్ అందురు. ఈ మాట పుట్టుక వినదగినది. గ్రీకులు విషజంతువుల కాటునకు వాడు మందును థెరియకా అనిరి. మందులను మన వైద్యులు తేనెలోను బెల్లపుపాకములోను కలిపి లేహ్యము చేసినట్లే వారును తీపిలో కలిపిరి. కాలక్రమమున మందు మరుగుపడి, ఆ పేరు తీపికే మిగిలినది.

ఈ నల్లని మడ్డి చరిత్ర తీయనిది కాదు. కరిబియను దీవులలో చెరకుతోటలను ఆఫ్రికానుండి బలవంతముగా తెచ్చిన బానిసలచే సాగుచేయించిరి. అచ్చటి మొలాసిస్ ఉత్తర అమెరికాకు పోయి రమ్మను సారాయిగా మారెడిది. ఆ సారాయిలో కొంత ఆఫ్రికా తీరమునకు పోయి మరల బానిసలను కొనుటకు వెచ్చింపబడెడిది. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు చట్టము 1834లో అమలులోనికి వచ్చినది. తోటలకు కూలీలు కావలసి దొరలు మనదేశమువైపు చూచిరి. ఒడంబడికల పేర మారిషసునకును, నేటాలునకును, కరిబియను సీమకును, ఫిజీకిని మనవారు ఓడలెక్కిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరనే మారిషసులో తెలుగువారికి కోరంగివారని వ్యవహారము కలిగినది. 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడ నేటాలునకు కూలీలను చేర్చినది. చెరకుతోటలలో వారుపడిన పాట్లు ఎన్నో కలవు. ఆ ఒడంబడికల పద్ధతి 1917లో నిలుపబడి, 1920 నాటికి ఫిజీలో మిగిలిన ఒడంబడికలును రద్దయినవి. మారిషసులో ఉగాది నేటికిని ప్రభుత్వపు సెలవుదినము. ఆ దినమున పచ్చడిలో వేయు క్రొత్తబెల్లమును నాలుకమీద పెట్టుకొనునప్పుడు, సముద్రముదాటి చెరకు నరికిన ఆ తాతలను గూడ మనము ఒకసారి తలచుకొనవలెను.

మొలాసిస్ చేసిన మరియొక యుపద్రవమును గూర్చియు చెప్పెదను. అందు పెద్దలు గ్రహింపదగిన నీతి యున్నది. అమెరికాలోని బోస్టను నగరమున జనులు నివసించు పేటలో సారాయి తయారునకై మొలాసిస్ నిలువచేయుటకు దరిదాపు 50 అడుగుల ఎత్తుగల ఉక్కుతొట్టిని కట్టిరి. అది మొదటినుండియు కారుచునే యుండెను. కారుట కనబడకుండుటకు దానికి మడ్డిరంగు పూసిరి. 1919 జనవరి 15వ తేదీన ఆ తొట్టి పగిలి, 23 లక్షల గాలన్ల మొలాసిస్ వీథులలో వరదయై పారినది. 21 మంది చనిపోయిరి. 150 మంది గాయపడిరి. ఎవరో బాంబు పెట్టిరని యజమానులు వాదించిరి. ఏండ్ల తరబడి సాగిన విచారణలో తొట్టి బలహీనతయే కారణమని తేలి, బాధితులకు నష్టపరిహారము చెల్లింపవలసి వచ్చినది. చెరువుగట్టుకు గండి కనబడినప్పుడు పైపైన మన్ను పూసి కప్పినచో ఏమగునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెరకును గూర్చి చెప్పితిని. చెట్లనుండి తీయు పాకములు వేరు జాతి. కెనడాదేశమున మేపిల్ అను వృక్షము కలదు. చలికాలము ముగియునప్పుడు అచ్చట రాత్రులయందు మంచు గడ్డకట్టును, పగటియందు కరగును. ఆ కొన్ని వారములలో చెట్టుబోదెకు చిన్న రంధ్రముచేసి గొట్టము దిగవేసినచో నీరువంటి రసము బొట్లుబొట్లుగా కారును. ఆ విద్యను తెల్లవారు అచ్చటి ఆదివాసులవలన నేర్చుకొనిరి. ఆ రసములో తీపి నూటికి రెండు పాళ్లకు మించదు. దరిదాపు 40 లీటర్ల రసమును కాచినగాని ఒక లీటరు సిరప్పు రాదు. నూటికి 66 పాళ్లు చక్కెర యగువరకు కాతురు. అంతకు పలుచనైనచో పులియును. అంతకు చిక్కనైనచో పలుకులు కట్టును.

క్విబెక్ రాష్ట్రము ఈ సిరప్పులో ప్రపంచమునకు కావలసినదానిలో దరిదాపు నూటికి 70 పాళ్లు ఇచ్చుచున్నది. అచ్చటి ఉత్పత్తిదారులు సంఘముగా నేర్పడి, పండిన ఏట మిగులును పీపాలలో దాచి, పండని ఏట తీసి అమ్ముదురు. ధర పడిపోకుండ కాపాడుకొను పద్ధతి యిది. 2011, 2012 సంవత్సరములలో దొంగలు ఆ నిలువలనుండి దరిదాపు 3,000 టన్నుల సిరప్పును కొద్దికొద్దిగా తరలించి, కొన్ని పీపాలలో నీరు నింపిపెట్టిరి. తనిఖీకి వచ్చిన మనిషి పీపాలమీదికెక్కగా, నిండుగా నుండవలసిన పీపా తేలికయై కదలుటచే గుట్టు బయటపడినది. దాని విలువ కోటి 80 లక్షల కెనడా డాలర్లు. చెట్టునుండి కారిన తీపినీటికి అంతటి విలువ నిలుచుటకు మూలము చెట్టు గొప్పతనముకంటె ఆ రైతుల ఐకమత్యమే యని నా యభిప్రాయము.

మేపిల్ మన నేలలో పెరుగదు. ఐనను మనకు కల్పవృక్షములు లేకపోలేదు. మన మన్యప్రాంతములలో జీలుగు చెట్టు కలదు. అది కల్లునకు ప్రసిద్ధి. సింహళమున, అనగా శ్రీలంకలో, ఆ చెట్టునే కితుల్ అందురు. అచ్చటివారు దాని పూగెలను కోసి, కారిన రసమును పులియకముందే కాచి చిక్కని పాకము చేయుదురు. గేదెపెరుగుమీద ఆ పాకమును పోసి అతిథికి పెట్టుట వారి మర్యాద. మన ఈత చెట్టు వంగదేశమున ఖర్జూరపు గుడమునకు ఆధారము. అచ్చట చలికాలమున గీతగాండ్రు రాత్రి కుండలు కట్టి, తెల్లవారకమునుపే దించి, వెంటనే కాచి క్రొత్తబెల్లము చేయుదురు. గడ్డకట్టనిచ్చినది దిమ్మ, గడ్డకట్టకముందు దించినది పాకము. ఆ చలికాలపు పాకమునకై వంగీయులు ఏడాదియంతయు ఎదురుచూతురు.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. బంగ్లాదేశమున ఈత రసమును కాచకయే పచ్చిగా త్రాగినవారిలో కొందరికి నిపా యను ప్రాణాంతకమైన జ్వరము వచ్చినది. 2001 మొదలుకొని ఇట్టివి కనబడుచున్నవి. రాత్రివేళ గబ్బిలములు కుండమూతికి వచ్చి రసమును నాకుటచే ఆ రోగబీజము అందు చేరును. బాగుగా కాచినచో ఆ భయముండదు. కుండమీద అల్లిన తడిక కప్పుట మంచిది. పాకము కాచుట రుచికొరకే గాక రక్షణకొరకుకూడ అని దీనివలన తెలియుచున్నది.

తాటి, ఈత రసములను పులియకుండ నిలుపుటకు మన గీతవృత్తివారు కుండలోపల సున్నము పూయుదురు. గానుగకడ రైతు కలిపిన సున్నమే ఇచ్చటను కాపాడుచున్నది. తాటిబెల్లము చేయు ఇండ్లు మనలో ఇంకను కలవు. గాని చెట్టెక్కువారు ఏటేట తగ్గుచున్నారు. చెట్టెక్కుట ప్రాణమునకు తెగించు పని. ఆ పనివానికి కల్లు అమ్మిన దినమున డబ్బు చేతికి వచ్చును; పాకము కాచుటకు కట్టెలు, కాలము, ఓపిక కావలెను. అతని కొడుకు ఆ విద్యను నేర్వకున్నచో తప్పు అతనిది కాదు. చేసిన వస్తువునకు తగిన వెలయు మర్యాదయు ఈయని మనది.

ఇక చెట్టును చెరకును లేకయే సిరప్పు చేయు విధానమొకటి కలదు. 1811లో కిర్చాఫ్ అను శాస్త్రజ్ఞుడు రష్యాలో పిండిని గంధకామ్లముతో కాచి తీపిపాకముగా మార్చెను. ఆ దారిని నడచి అమెరికావారు మొక్కజొన్న పిండినుండి సిరప్పు చేసిరి. తరువాత జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చు ఉపాయమును కనుగొనగా, 1970 తరువాత అమెరికాలో ఆ పాకము పానీయములలోను తినుబండారములలోను చక్కెరకు మారుగా విరివిగా చేరినది. శాస్త్రమున దోషము లేదు. ఐతే చౌకపాకమును తేనెలో కలిపి తేనె యని యమ్ముట వలన చిక్కు పుట్టినది. తేనెయందును విలోమశర్కరయందును ఉన్నవి ముఖ్యముగా ఆ రెండు చక్కెరలే గనుక, కలిపినది కంటికి తెలియదు, నాలుకకు తెలియదు. నీటిలో వేసి చూచుట, వత్తి ముంచి వెలిగించుట మొదలగు ఇంటి పరీక్షలును నమ్మదగినవి కావు. ప్రయోగశాలలోనే తేలవలెను.

లండను డబ్బాను నేను మెచ్చుకొనుటకు కారణమిచ్చట చెప్పెదను. డబ్బామీద తేనెటీగల బొమ్మ యున్నను, లోపలిది తేనె యని వారు చెప్పలేదు. సిరప్పును సిరప్పని చెప్పియే నూరేండ్లకు పైగా అమ్మిరి. మిగులునుండి చేసినదని ఎవరును చిన్నచూపు చూడలేదు. తన పేరు తాను చెప్పుకొను వస్తువునకు సిగ్గుపడవలసిన పని లేదు. మనలో బెల్లము రంగును గూర్చి ఇట్టి చిక్కే యున్నది. పచ్చగా మెరయు దిమ్మకు సంతలో ఎక్కువ వెల పలుకుటచే, కొందరు హైడ్రోసను తెలుపుమందును పాకములో కలుపుచున్నారు. కొనువారమైన మనము రంగునకు వెల కట్టుచున్నంతకాలము వండువాడు రంగునే వండును. కొంచెము నల్లనైన బెల్లమును ఆదరించుట మన చేతిలోని పని.

ఆరోగ్యమును గూర్చి రెండు మాటలు. సిరప్పైనను, బెల్లమైనను, తేనెయైనను శరీరమునకు చేరునది చక్కెరయే. బెల్లములోను నల్లని మడ్డిలోను కొంత లోహసారము మిగులుట నిజము. అంతమాత్రముచే మధుమేహరోగి వాటిని స్వేచ్ఛగా తినవచ్చునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదని వైద్యులు చెప్పుచున్నారు. తేనెయందు ఒక్కొక్కప్పుడుండు సూక్ష్మబీజములు పసిపేగులలో విషము పుట్టింపగలవు. తరతరముల ఆచారమైనను ఈ యొక్క విషయమున వైద్యుని మాట వినుట శ్రేయస్కరము.

చివరకు నా మనవి. ద్రవబెల్లమును చేయుట కష్టమైన పని కాదు. శుభ్రమైన తాజా రసమును సున్నపు తేటతో తేర్చి, దిమ్మకు కావలసిన 118 డిగ్రీలవరకు పోనీయక, 105, 106 డిగ్రీలవద్దనే దించి, పలుకు కట్టకుండ కొలతప్రకారము నిమ్మయుప్పు కలిపి, కొన్ని దినములు తేరనిచ్చి సీసాలకెత్తుదురు. కట్టెలును కొంత మిగులును. అనకాపల్లి చెరకు పరిశోధనకేంద్రమువంటి చోట్ల ఈ కొలతలు అడిగి తెలిసికొనవచ్చును. కుళ్లిన చెరకుతో చేసినది మంచిపాకము కాజాలదు. మంచి రసముతో చేసి దాని పేరుతో దానిని అమ్మినప్పుడే గౌరవము నిలుచును.

మీ యూరిలో వ్రేళ్లతో పాకము పట్టు వృద్ధు డొక్కడైనను ఉండును; మన్యములో జీలుగు గెల కోయువాడొకడుండును. వారి కొలతలు పుస్తకములలో లేవు. వారి చేతులలో నున్నవి. వారిని బడికి పిలిపించి పిల్లలకు చెప్పించుడు. చెప్పినది చదువుకొన్న పిల్లవానిచే వ్రాయించుడు. ఏ రసమునకు ఎంత సున్నము, ఏ నెలలో ఏ చెట్టు, ఎంత కాపు అను లెక్కలు ఆ కాగితముమీద నిలువవలెను. లండనులో శుద్ధిశాలను నిలిపినది అట్టి లెక్కయే. మన చేతులలో నిదివరకే యున్న ఆ లెక్క, ఆ చేతులతోనే పోకుండ చూచు భారము పెద్దలైన మీమీద నున్నదని విన్నవించుకొనుచు, సెలవు తీసికొనుచున్నాను.